గోటి మీద ఆరు నెలల లెక్క

పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు

ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు వేలి చర్మం మీద రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. గోటి మీద మాత్రం వెలవదు, ముందుకు జరుగుతుంది. దసరా నాటికి కొస దగ్గర ఎర్రటి నెలవంకలా మిగులుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందనడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. మొదలు నుంచి కొస దాకా పూర్తిగా కొత్త గోరు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలి గోరుకైతే ఏడాది, ఏడాదిన్నర.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి గోళ్ల గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. గోళ్లు చూసుకునేటప్పుడు రంగు తుడిచేసి, పగటి వెలుతురులో, చేతులు వదులుగా ఉంచి, పది వేళ్లూ చూడాలి. ఒక్క గోరే మారితే ముందు ఆ వేలికి ఏం జరిగిందో ఆలోచించండి: దెబ్బ, ఫంగస్, చేసే పని. పది గోళ్లూ ఒకేలా మారితే ఒంట్లో ఏం జరిగిందో చూడాలి. ఈ సూత్రం అన్నిచోట్లా నిలవదు కానీ చాలాచోట్ల దారి చూపిస్తుంది. గోరు కలిగించేది అనుమానమే, దాన్ని తేల్చవలసింది పరీక్ష.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఆరేడు నెలలుగా గోళ్లు మధ్యలో గుంటపడి, అంచులు పైకి లేచాయి. బడి నుంచి రాగానే పడుకుంటోంది, మెట్లెక్కితే ఆయాసమంటోంది. కాల్షియం తగ్గిందని పక్కింటివాళ్లు చెబితే మాత్రలు కొని వేస్తున్నాం. ఏ మార్పూ లేదు.
– ఒక తల్లి, రాజాం

జవాబు: ముందు ఆ కాల్షియం మాత్రలు ఆపండి. ఇక్కడ అవి పనికిరావు, పైగా ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మీరు రాసిన ఆకారాన్ని చెంచా గోరు అంటాం. అమ్మాయి వేలిని బల్ల మీద సమంగా పెట్టించి గోటి మధ్యలో ఒక నీటి చుక్క వేయండి. మామూలు గోటి మీద చుక్క పక్కకు జారిపోతుంది, చెంచా గోటి మీద నిలుస్తుంది. పసిపిల్లల్లో ఇలా ఉండటం సహజమే, పెరిగేకొద్దీ సరవుతుంది. పదిహేనేళ్ల పిల్లకు, అందులోనూ ఆయాసంతో పాటు ఉంటే, మొట్టమొదట ఇనుము లోపాన్నే అనుమానించాలి.

చేయించాల్సినవి రెండు: సిబిసి అనే రక్తపరీక్ష, ఫెరిటిన్. అమ్మాయి వయసుకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత. సిబిసిలోనే ఎంసివి అని మరో అంకె ఉంటుంది, ఎర్రకణం ఎంత పెద్దదో చెబుతుంది. అది 80 కన్నా తక్కువైతే కణాలు చిన్నవైపోయాయని అర్థం. ఫెరిటిన్ 15 కన్నా తక్కువుంటే ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటినట్టే. ఫెరిటిన్ ఎందుకంటారా? తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తదోషం) లక్షణం ఉన్నవాళ్లకు కూడా కణాలు చిన్నగానే ఉంటాయి. వాళ్లకు ఇనుము నిల్వ సరిపడా ఉంటే మాత్రలు మింగించినా లాభం ఉండదు.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర (60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్) రక్తహీనత రాకుండా ఆపడానికి. వచ్చేశాక అది చాలదు, రోజూ వేసుకోవాల్సిన మోతాదు వైద్యులు రాస్తారు. మాత్రకు గంట ముందు నుంచి రెండు గంటల తర్వాత దాకా టీ, కాఫీ, పాలు వద్దు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే కొంచెం తిన్నాక వేయండి. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. సరిగ్గా వేసుకుంటే నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగాలి. పెరగలేదంటే మాత్ర మింగడం లేదు, లేదా రక్తం ఎక్కడో పోతోంది. హిమోగ్లోబిన్ మామూలైందని అక్కడితో ఆపేయడం అందరూ చేసే పొరపాటు. నిల్వ నిండాలంటే ఆ తర్వాత మరో మూడు నెలలు వాడాలి.

రక్తం ఎక్కడ పోతోందో కూడా అడగండి. నెలసరి ఏడు రోజులు దాటుతోందా? రెండు గంటలకోసారి గుడ్డ మార్చాల్సి వస్తోందా? తోటల్లో, పొలం గట్ల మీద చెప్పులు లేకుండా తిరుగుతుందా? కొంకిపురుగులు మట్టిలోంచి పాదాల ద్వారా ఎక్కి పేగుల్లో రక్తం తాగుతాయి. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర నమిలి మింగితే సరిపోతుందో లేదో వైద్యుల్ని అడగండి.

చోడి (రాగి) అంబలి మంచిదే. నూరు గ్రాముల చోళ్లలో నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది, కానీ అందులో ఒంటికి పట్టేది కొంచెమే. పక్కన నిమ్మకాయ పిండిన మునగాకు కూర, తినేవాళ్లయితే చేపలు, కోడి కార్జం ఉంటే పట్టేది పెరుగుతుంది. తిండితోనే ఇంత లోటు పూడ్చాలని మాత్రం చూడొద్దు, మాత్ర తప్పదు.

గోరింటాకు పండిన గోటిని చూసి రక్తం ఉందనుకోవద్దు, కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. మందు పనిచేస్తుంటే గోటి మొదట్లో ముందుగా సమంగా ఉన్న కొత్త గోరు కనిపిస్తుంది. గుంట పూర్తిగా పోవడానికి అయిదారు నెలలు ఆగాలి. గోళ్లు మామూలుగా ఉన్నంత మాత్రాన రక్తం ఉన్నట్టు కాదు. రక్తం తక్కువున్న చాలామందికి ఈ గుంట రానే రాదు.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. గోళ్ల మీద తెల్లటి చుక్కలు వస్తున్నాయి. కొంగలు ఇచ్చిన గోళ్లపూలని వాడి సంబరం. మాకేమో భయం.
– టెక్కలి నుంచి ఒక తండ్రి

జవాబు: మీ దగ్గరి తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలకూ, కాల్షియానికీ వీటితో సంబంధం లేదు. గోటి మొదట్లో చిన్న దెబ్బ తగిలినా, గోళ్లు కొరికినా, బల్ల మీద వేళ్లతో దరువేసినా అక్కడ తయారయ్యే గోరు కొంచెం వదులుగా అల్లుకుంటుంది. కాంతి అక్కడ చెదిరి తెల్లగా కనిపిస్తుంది. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు బయటపడుతుంది కాబట్టి ఆ దెబ్బ ఎవరికీ గుర్తుండదు. గోటితో పాటు జరిగి కొసకు చేరి పోతుంది. మందు అక్కర్లేదు. గోరంతా తెల్లబడితే మాత్రం చూపించండి.

ప్రశ్న: కొబ్బరి తోట పని చేస్తాను. వయసు 46. నా గోళ్లు కింది సగం తెల్లగా, పై సగం గోధుమ రంగుగా ఉన్నాయి. మా పెదనాన్న కిడ్నీ జబ్బుతో పోయారు. గోళ్లు ఇలా ఉంటే కిడ్నీ పోయినట్టేనని ఊళ్లో ఒకాయన అన్నారు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: గోరు చూసి కిడ్నీ పోయిందని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఉంటున్నారు, ఇంట్లో జబ్బు ఉంది, కాబట్టి ఈ వారమే పరీక్ష చేయించుకోండి.

సగం సగం గోళ్లనేవి ఉన్న మాట నిజం. 1967లో లిండ్సే అనే వైద్యుడు వీటి గురించి వివరంగా రాశారు. దీర్ఘకాల కిడ్నీ జబ్బున్నవాళ్లలో కొందరికి గోటి మొదటి భాగం తెల్లగా, కొస వైపు భాగం ఎర్రగానో గోధుమ రంగుగానో మారుతుంది. రెంటి మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ఆ రంగు గోటిని నొక్కినా పూర్తిగా పోదు. ఇలాగే కనిపించే మరో రకాన్ని 1954లో టెర్రీ వర్ణించారు. అందులో గోరు దాదాపు అంతా తెల్లగా ఉండి, కొసన ఒకటి రెండు మిల్లీమీటర్ల సన్నని పట్టీ మాత్రమే రంగుగా ఉంటుంది. అది కాలేయం గట్టిపడిన వాళ్లలో, మధుమేహంలో, గుండె బలహీనపడిన వాళ్లలో కనిపిస్తుంది. వయసు మీరినవాళ్లకు ఏ జబ్బూ లేకుండా కూడా వస్తుంది. మీరు రంగు పట్టీ వెడల్పు స్కేలుతో కొలిచి వైద్యులకు చెప్పండి. కొబ్బరి పీచు, టెంక మరకలు కూడా గోటికి గోధుమ రంగు పట్టిస్తాయి. బయటి మరక అయితే గాజుముక్క అంచుతో మెల్లగా గీకితే కొంచెమైనా ఊడుతుంది, దాని కింది అంచు గోటి మొదటి చర్మం వంపునే అనుసరిస్తుంది.

అసలు భయపడాల్సింది గోరు మారినవాళ్ల గురించి కాదు, గోరు శుభ్రంగా ఉందని ధైర్యంగా తిరిగేవాళ్ల గురించి. ఉద్దానం జబ్బు చాలాకాలం ఏ గుర్తూ ఇవ్వదు. మూత్రంలో ప్రొటీన్ పోవడం కూడా చాలామందిలో తక్కువే, కొందరిలో ఉండదు. కాబట్టి మూత్రపు స్ట్రిప్ పరీక్ష ఒక్కటే చేయించుకుని బాగుందనుకుంటే మోసపోతారు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం) పరీక్ష తప్పనిసరి. ఆ కాగితం మీదే వయసును బట్టి లెక్కగట్టిన ఇజిఎఫ్ఆర్ (కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే) అంకె అడగండి. అది 60 కన్నా తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాల కిడ్నీ జబ్బు. ఒక్కసారి తేడా రాగానే నిర్ధారణకు రావద్దు. ఎండలో పని చేసి నీళ్లు చాలకపోయినా క్రియాటినిన్ పెరుగుతుంది. ముందు రోజు బాగా నీళ్లు తాగి, బరువు పని మానుకుని మళ్లీ చేయించండి. దీంతో పాటు మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్)–క్రియాటినిన్ నిష్పత్తి, బీపీ, షుగర్ చూడాలి. తేడా ఉంటే పలాస కిడ్నీ పరిశోధన ఆసుపత్రిలోనో, శ్రీకాకుళం రిమ్స్‌లోనో చూపించుకోండి. బాగుంటే ఏడాదికోసారి మళ్లీ చేయించండి.

ఈ జబ్బుకు ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. కానీ కిడ్నీని మరింత దెబ్బతీసేవి ఏవో స్పష్టంగా తెలుసు. నడుం నొప్పికి మందుల షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు, పేరు లేని భస్మాలు, పసరులు, ఎండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి చేసే పని. ఈ మూడూ ఈరోజే మానండి.

ఇంకో గుర్తు కూడా చూసుకోండి. గోటికి అడ్డంగా జంటగా తెల్లటి పట్టీలు, మధ్యలో మామూలు రంగు. నొక్కితే మాయమవుతాయి, గోటితో పాటు ముందుకు జరగవు. రక్తంలో అల్బుమిన్ బాగా పడిపోయినప్పుడు వస్తాయి. పొద్దున్న లేవగానే రెప్పలు ఉబ్బడం, సాయంత్రానికి కాళ్లు వాయడం వీటికి తోడైతే ఆలస్యం వద్దు.

ప్రశ్న: జీడిపిక్కలు కొట్టే పని. వేళ్లు, గోళ్లు నల్లగా మారి, అంచులు చిట్లుతున్నాయి. కిరసనాయిలుతో తోముతున్నా పోవడం లేదు. రక్తం చెడిపోయిందా?
– ఒక కార్మికురాలు, పలాస

జవాబు: రక్తం చెడలేదమ్మా. జీడిపిక్క తొక్కలో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలున్నాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి, గోటికి నల్లరంగు పట్టిస్తాయి. కిరసనాయిలు చర్మంలోని జిడ్డునంతా లాగేస్తుంది, అందుకే గోళ్లు ఇంకా చిట్లుతున్నాయి.

పనికి కూర్చునే ముందు వేళ్లకు, ముఖ్యంగా గోటి మొదట్లో, ఆముదం దట్టంగా రాయండి. పైన పల్చని నూలు చేతితొడుగు, దాని మీద రబ్బరు తొడుగు. లోపల తడిసిన తొడుగును వెంటనే మార్చాలి. నూనె లోపలికి దిగిన తొడుగు వేసుకుని కూర్చుంటే వట్టి చేతుల కన్నా ఎక్కువ కాలుతుంది. పని అయ్యాక ముందు వంటనూనెతో తుడవండి. జీడి నూనె నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. తర్వాత సబ్బు, గోరువెచ్చని నీళ్లు, ఆరాక కొబ్బరినూనె. గోటి నలుపు మాత్రం తోమితే పోదు, గోరు పెరిగి కత్తిరించాల్సిందే. బొబ్బలు, రసి, ముఖం మీద దద్దుర్లు వస్తే పని ఆపి చర్మ వైద్యులకు చూపించండి.

ప్రశ్న: మా అమ్మకు అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి అడ్డచుట్ట (నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగే చుట్ట) అలవాటు. ఈ మధ్య వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు చిలక ముక్కులా వంగాయి. నొప్పి లేదు గనక ఆసుపత్రికి రానంటోంది.
– భావనపాడు దగ్గరి ఊరి నుంచి

జవాబు: నొప్పి లేకపోవడమే దీనిలో ప్రమాదం. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. రెండు చేతుల చూపుడు వేళ్ల గోళ్లను వీపుకు వీపు ఆనించి పట్టమనండి, పై కణుపులు కూడా ఆనాలి. మామూలుగా గోళ్ల మొదట్లో, రెంటి మధ్య, చిన్న డైమండ్ ఆకారపు సందు కనిపిస్తుంది. ఆ సందు మూసుకుపోతే వేలి కొస ఉబ్బినట్టే. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్రోత్ తన జబ్బు సమయంలో తన వేళ్ల మీదే దీన్ని గమనించి 1976లో రాశారు.

ఈ మార్పు ఊపిరితిత్తుల క్యాన్సర్, చీముగడ్డ, శ్వాసనాళాలు సాగి పాడవడం, ఊపిరితిత్తులు గట్టిపడడం, గుండె లోపలి పొర ఇన్‌ఫెక్షన్, కాలేయం గట్టిపడడం వంటివాటిలో వస్తుంది. కొందరికి పుట్టుకతో, వంశంలో కూడా ఉంటుంది. కానీ అరవై దాటాక కొత్తగా వచ్చిందంటే కారణం వెతకాల్సిందే. ఉబ్బసం వల్లో, పొగ వల్ల వచ్చే మామూలు ఆయాసం వల్లో ఇది రాదు. కాబట్టి “చుట్ట తాగుతుంది, దగ్గు మామూలే” అని సరిపెట్టుకోవద్దు. ముందు ఛాతీ ఎక్స్‌రే, రెండు కళ్లె నమూనాల పరీక్ష. రెండూ ప్రభుత్వాసుపత్రిలో చేస్తారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉన్నా అనుమానం తీరకపోతే సిటీ స్కాన్ అడగండి. అదే రోజు నోరు తెరిపించి అంగిలి కూడా చూపించండి. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేవాళ్లకు అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుళ్లు, క్యాన్సర్ వస్తాయి. ఆమె రానంటే అంగిలి చూపించడానికని చెప్పి తీసుకెళ్లండి.

ప్రశ్న: నాకు టైఫాయిడ్ తగ్గి మూడు నెలలైంది. ఇప్పుడు అన్ని గోళ్లకూ అడ్డంగా గాడి పడింది. జ్వరం లోపలే ఉందా?
– విద్యార్థి, విజయనగరం

జవాబు: లేదు. గట్టి జ్వరం వచ్చినప్పుడు శరీరం గోటి పనిని కొన్నాళ్లు ఆపుతుంది. ఆ ఆగిన చోటే గాడి. ఫ్రెంచ్ వైద్యుడు జోసెఫ్ బో 1846లో వీటిని వర్ణించారు. మొదటి చర్మం నుంచి గాడి దాకా కొలవండి. 6 మిల్లీమీటర్లుంటే రెండు నెలలు. గాడి చర్మం కింద నుంచి బయటపడటానికి పట్టిన కొన్ని వారాలు దానికి కలిపితే మీ జ్వరం తేదీకి దగ్గరగా వస్తుంది. డెంగీ తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత కూడా ఇలాగే పడుతుంది. జ్వరం ఏదీ లేకుండా మళ్లీ మళ్లీ గాడులు పడితే చూపించండి. నిలువు గీతలు వేరే సంగతి, అవి వయసుతో అందరికీ వచ్చేవే.

ప్రశ్న: కుడి బొటనవేలి గోటికి నిలువుగా నల్లగీత. ఏడాది కిందట దారంలా ఉండేది, ఇప్పుడు వెడల్పయింది. వయసు 57.
– బొబ్బిలి

జవాబు: ఈ నెలలోనే చర్మ వైద్యులకు చూపించండి. మన రంగు చర్మం ఉన్నవాళ్లకు చాలా గోళ్ల మీద సన్నటి గోధుమ గీతలు మామూలే. బి12 లోపంలో, కొన్ని మందులతోనూ వస్తాయి. కానీ ఒకే వేలికి, అందులోనూ చేతి లేదా కాలి బొటనవేలికి, యాభై దాటాక వచ్చి, 3 మిల్లీమీటర్లు మించి వెడల్పవుతున్న గీతను మెలనోమా అనే క్యాన్సర్ కాదని తేల్చుకునే దాకా వదలకూడదు. గీత మొదట్లో వెడల్పుగా, కొసన సన్నగా ఉందా, నలుపు గోరు దాటి చర్మం మీదికి పాకిందా, చూడండి. పాకితే రోజులు కూడా లెక్కే. గోటి మొదట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తం అయితే నెలనెలా ముందుకు జరుగుతుంది, దాని వెనక తెల్లటి కొత్త గోరు వస్తుంది. మీరు చెప్పింది అలా లేదు.

ప్రశ్న: రొయ్యల షెడ్డులో పని. గోరుచుట్టు రెండు నెలలుగా తగ్గడం లేదు. నిమ్మకాయ తొడిగాను, మంట పెరిగింది. ఇంట్లో గిన్నెలు, గుడ్డలు కూడా నేనే. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది.
– పూసపాటిరేగ మండలం

జవాబు: ఆరు వారాలు దాటిన గోరుచుట్టు వేరే జబ్బు. గోటికీ చర్మానికీ మధ్య అంచు సీలులా మూసి ఉంటుంది. రోజంతా తడి, ఐసు, ఉప్పు, రొయ్య గుచ్చుకోవడం వల్ల ఆ సీలు ఊడుతుంది. సందులోకి నీళ్లు, కాండిడా అనే ఫంగస్ చేరతాయి. నిమ్మరసం ఆ పచ్చి చర్మాన్ని ఇంకా కాలుస్తుంది, బిగుతుగా తొడిగితే రక్తప్రసారం ఆగుతుంది.

మందు కన్నా పొడి ముఖ్యం. నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు, చెమటకు తడిస్తే మార్పు. పని మధ్య విరామంలో వేళ్ల సందులు, గోటి మొదళ్లు తుడుచుకోవాలి. ఆ చర్మాన్ని పుల్లతో వెనక్కి నెట్టొద్దు, కత్తిరించొద్దు. వైద్యులు సాధారణంగా వాపు తగ్గించే స్టెరాయిడ్ పూత కొన్ని వారాలకు రాస్తారు, అవసరమైతే ఫంగస్ మందు. సీలు మళ్లీ అతుక్కోవడానికి మూడు నెలలైనా పడుతుంది, మధ్యలో తడి తగిలితే మళ్లీ మొదటికే. షుగర్ పరీక్ష తప్పక చేయించండి. కొత్తగా వచ్చి సలుపుతున్న గోరుచుట్టు అయితే గోరువెచ్చని నీళ్లలో పావుగంట చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు ముంచాలి. చీము తెల్లగా కనిపిస్తే చిన్న గాటుతో వైద్యులే తీయాలి.

ప్రశ్న: గోళ్లు పొరలుగా ఊడుతుంటే బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటున్నాను. థైరాయిడ్ పరీక్ష ఉంది. ఆపాలా?
– గజపతినగరం

జవాబు: ఆపాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ ఫలితాన్నే కాదు, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ ఫలితాన్ని కూడా తప్పుగా చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు మానేసి, వాడుతున్న మోతాదు ల్యాబులో చెప్పండి. గోళ్లు పొరలుగా ఊడటానికి చాలాసార్లు తడవడం, ఆరడం, వారం వారం రంగు తుడిచే అసిటోన్ కారణమవుతాయి. స్నానం అయ్యాక గోళ్లు మెత్తగా ఉన్నప్పుడు పొట్టిగా కత్తిరించి, అంచును ఒకే వైపుకు అరగదీసి, రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె గోటి మొదట్లో మర్దనా చేయండి. మూడు నెలలైనా మార్పు లేకపోతే, థైరాయిడ్ ఫలితంతో పాటు ఫెరిటిన్ కాగితం కూడా తీసుకుని వైద్యుల దగ్గరికి వెళ్లండి.